మధ్య దూలం మీద జానెడు

నేను నకరికల్లు వైపు స్లాబు ఇంట్లో పెరిగినదాన్ని. గురజాల దగ్గరి ఈ పల్లెకు కోడలిగా వచ్చిన రోజు, నాలుగు వైపులా మట్టి మిద్దెలు, మధ్యలో నాపరాళ్ళు పరిచిన ముంగిలి చూసి, ఇదేం కొంపరా దేవుడా అనుకున్నాను. ఉత్తరాన ఇల్లు, తూర్పున వంటిల్లు, పడమట గొడ్ల కొట్టం, దక్షిణాన పత్తీ మిరపకాయలూ పోసుకునే కొట్టు. నెల తిరక్కుండానే ఆ ముంగిలికి మనసిచ్చేశాను. మధ్యాహ్నం దాటాక కొట్టం నీడ రాళ్ళ మీద మెల్లగా జరుగుతూ వంటింటి గడప ఎక్కేది. ఆ నీడతోపాటే గోనెపట్ట జరుపుకుంటూ నేనూ మా తోడికోడలక్కా మిరపకాయలకు తొడిమలు తీసేవాళ్ళం. మాటలెక్కడ ఆగాయో, కునుకెక్కడ మొదలైందో తెలిసేది కాదు.

మా ఆయనా, వాళ్ళన్న బావగారూ బోరు నీళ్ళ దగ్గర మాటా మాటా అనుకున్నారు. పెద్దమనుషులొచ్చి పంచారు. గోడ ముంగిలిని చీల్చుకుంటూ ఇంట్లోకొచ్చి మధ్య దూలం కింద ఆగింది. దూలాన్ని మాత్రం పంచలేకపోయారు. రెండు వైపుల కప్పూ దాని మీదే నిలబడి ఉంది మరి. గోడ అవతల అక్క గొంతు వినపడితే నాకు ఏడుపు తన్నుకొచ్చేది. పలకరించబోతే మా ఆయన గుడ్లురిమేవాడు.

ఏటా వానలకు ముందు మట్టి మిద్దె మీద చవుడు మట్టి పోసి, చదును చేసి తొక్కాలి. లేకపోతే నీళ్ళు ఇంట్లోకి దిగుతాయి. గోడ లేచిన ఏడు ఎవరి వైపు వాళ్ళు పోసుకున్నారు. ఏం పౌరుషం! అవతలి హద్దులో పిడికెడు మట్టి కూడా పడకూడదని, ఇద్దరూ దూలం మీద జానెడు మేర వదిలేసి ఆపేశారు. ఆ ఉత్త జాగాలోంచి వానాకాలమంతా రెండిళ్ళలోకీ కారింది. తప్పు అన్నదని ఈయన, తమ్ముడిదని ఆయన. దూలం నల్లబడి, నొక్కితే వేలు దిగేట్టయింది. ఇంకో వానాకాలం అట్లాగే తడిస్తే రెండిళ్ళూ నేలమట్టమే.

మొన్న వేసవి చివర మా ఆయన చవుడు పోసి, మళ్ళీ జానెడు వదిలేసే మిద్దె దిగాడు. చెబితే వింటాడా! ఎరువులకని గురజాల పోగానే, చవుడు గంప నెత్తిన పెట్టుకుని రాతిమెట్లు ఎక్కాను. పైన గోడ లేదు. ఎండలో మిద్దె అంతా ఒకటే నేలగా, తెల్లగా పరుచుకుని ఉంది. కలలో నడుస్తున్నట్టే అనిపించింది. దూలం దాకా వచ్చేసరికి, అటు నిచ్చెన మీంచి ఒక గంప పైకి లేచింది. గంప కింద అక్క.

“ఏమే, అట్టా గుడ్లప్పగించి చూస్తావేంది? దించు గంప.”

“బావగారు చూస్తేనో?”

“చూడనీ. ఇల్లు నెత్తినపడ్డాక చూసేదేంది?”

రెండు గంపలూ ఆ జానెడులోనే కుమ్మరించాం. ఒకరి భుజం ఒకరు పట్టుకుని తొక్కాం. తొక్కుతుంటే నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది.

“చానా చిక్కిపోయావే,” అంది అక్క, కొంగుతో నా మొహం తుడుస్తూ.

తొలివాన తెల్లవారుజామున దంచి కొట్టింది. మా ఆయన అలవాటుగా గిన్నె తెచ్చి దూలం కింద పెట్టి, పైకి చూస్తూ కూచున్నాడు. నేను దుప్పటి కప్పుకుని నిద్ర నటించాను. చుక్క పడలేదు. వాన తగ్గాక గోడ అవతల మంచం కిర్రుమంది. బావగారు గొంతు సవరించుకున్నారు.

“ఒరేయ్, మీ వైపు కారిందా?”

గోడ కట్టాక ఆయన తమ్ముణ్ణి పిలవడం అదే మొదలు. మా ఆయన ఖాళీ గిన్నె తీసి గోడవారన బోర్లించాడు.

“లేదన్నా,” అన్నాడు.