బూడిద రాసిన చక్కెర

సాయంత్రం నాలుగున్నరకు పక్కింటి కాక మొదటి షిఫ్టు దిగి వచ్చి, గడపలో కూర్చుని బీడీ ముట్టించాడు. నా చిన్నప్పుడు, తెలంగాణ రాష్ట్రం ఇంకా రాని రోజుల్లో, గోదావరిఖని క్వార్టర్లలో ఇది రోజూ చూసేదే. బొగ్గుబాయిలోకి, అంటే గనిలోకి, అగ్గిపెట్టె పోనివ్వరు. దిగేముందు జేబులు తడిమి చూస్తారు. పొద్దుటి నుంచి ఆపుకున్న బీడీ అది.

ఆ రోజు మాత్రం ఆయన ముఖం బాగా లేదు. ఆయన బిడ్డ, నేను అక్కా అని పిలిచే ఆమె, వరంగల్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించి వచ్చింది. హైదరాబాద్‌లో పరిశోధనకు సీటు దొరికింది. కాక ఒప్పుకోవడం లేదు. ల్యాబులో గ్యాసు ఉంటుంది, మంట ఉంటుంది. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో బాయిలో పనిచేసే మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఇంట్ల ఒక్కరం నిప్పుకు భయపడి బతుకుతున్నం, సాలదా బిడ్డా?" అన్నాడు.

"రోజూ బాయిల దిగేటోనికి, బిడ్డ ల్యాబుకు పోతనంటే భయమాయె!" కాక భార్య చిన్నమ్మ లోపలి నుంచి నవ్వింది.

అక్క నవ్వలేదు. రెండు చక్కెర బిళ్లలు తెచ్చింది. ఒకదానికి అగ్గిపుల్ల పెడితే కరిగి నల్లబడిందే తప్ప అంటుకోలేదు. రెండోదానికి కాక రాల్చిన బీడీ బూడిద రాసి పుల్ల పెట్టింది. అది మంటతో కాలింది.

కాక లేచి నిలబడ్డాడు. "సూసినవా, అంటుకోనిదాన్ని అంటుపెట్టినవ్!"

"బూడిద కాలలేదు నాయినా, పక్కనుండి పని చేయించింది. గసొంటిదాన్నే ఉత్ప్రేరకం అంటరు. చిన్న చిన్న అణువులను అతికించి మందులు తయారుజేస్తరు గదా, అది ఎక్కువ మంట లేకుండ తక్కువ వేడికే అయ్యేటట్టు చేసే పొడులు వెతుకుడే నా పని. బాయిల మీరు రాతిపొడి ఎందుకు సల్లుతరు?"

"బొగ్గు దుమ్ము అంటుకోవద్దని."

"మరి? ఏ పొడి ఏం జేస్తదో ఎవరో ఒకరు కూసొని తెలుసుకున్నరు గదా."

కాక బీడీ ఆర్పేసి మళ్లీ గడపలో కూర్చున్నాడు. చివరికి, "ఆ ల్యాబుల లోపటికి పోయేముందు జేబులు సూస్తరా?" అని అడిగాడు.

"నేనే సూస్కుంట నాయినా."

"గట్లయితే పో."

మరునాడు షిఫ్టులో అందరికీ చెప్పాడట, నా బిడ్డ మంట లేకుండ మందులు వండుతదని. కొన్నేళ్లకు మా క్వార్టర్ల వరుసలో మొదటి డాక్టరేటు అక్కకే వచ్చింది. కాక తలుపు మీద ఆమె పేరు ముందు 'డాక్టర్' అని సున్నంతో రాశాడు. మోకాళ్ల నొప్పులకు గోళీలు అడుగుతూ జనం వచ్చేవారు. ఆయన ఎవరినీ సరిదిద్దలేదు.

పోయిన ఎండాకాలం అక్క చనిపోయింది. తండ్రి భయాన్ని ఆమె చిన్న చేయలేదు. దానికి జవాబును ఆయన బాయిలోంచే తీసింది. నాకు ఆమె నుంచి మిగిలింది అదే. నేనిప్పుడు పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. బర్నర్ ముట్టించమంటే వెనక్కి జరిగే పిల్ల ప్రతి ఏడూ ఒకతైనా ఉంటుంది. ఆ పిల్లను చూసి మా తరగతిలో ఇప్పుడెవరూ నవ్వరు.