హజ్మీవాడి ఇల్లాలు

మా చాక్‌దహ వైపు ఎవరైనా ఎదురైతే ముందు అడిగేది పిల్లల గురించీ కాదు, పంటల గురించీ కాదు, కడుపు గురించి. "కడుపెలా ఉంది?" అని అడిగితే చాలు, "ఏం చెప్పమంటావు, పొద్దున్నుంచీ ఒకటే గ్యాసు" అని అవతలివాడు మొదలుపెడతాడు, రైలు వచ్చేదాకా ఆపడు. మాకు తలనొప్పి వచ్చినా గ్యాసే, గుండె దడదడలాడినా గ్యాసే, అల్లుడు కబురు పెట్టలేదని బెంగపడ్డా చివరికి అదీ గ్యాసే అవుతుంది. ఇలాంటి జనం మధ్య అరుగుదల పొడి అమ్ముకునేవాడు మహారాజులా బతకడు గానీ పస్తులు మాత్రం ఉండడు.

ఆ పొడినే మేం హజ్మీ అంటాం. భవతోష్ కుండు ముప్పై ఏళ్లుగా కృష్ణనగర్ లోకల్ రైల్లో హజ్మీ అమ్ముతున్నాడు. నిమ్మరసంలో నానబెట్టి ఎండేసిన వాము, నల్లుప్పు, శొంఠి, పిప్పళ్లు, కరక్కాయ, ఉసిరి, ఇంగువ కలిపి దంచిన పొడి. రైల్లో జనానికి తెలిసింది భవతోష్ గొంతు ఒక్కటే. పొడి వెనకున్న చేతులు అతని భార్య కిరణ్‌బాలవి. వేయించేది ఆవిడ, దంచేది ఆవిడ, జల్లించేది ఆవిడ, ప్రతి వాయిలోంచీ చిటికెడు తీసి ముందు తన నాలుక మీద వేసుకుని సరిచూసేది ఆవిడ. పొట్లాలు కట్టేదీ ఆవిడే. అతను సంచీ భుజాన తగిలించుకుని పొద్దున్న ఎనిమిదీ పదికి వచ్చే బండెక్కేవాడు.

ఆవిడకి ఈ విద్య అత్తగారు నేర్పింది. దేశం రెండైనప్పుడు సరిహద్దు అవతల ఇల్లూ వాకిలీ వదిలేసి, ఇనప రోలూ రోకలీ మాత్రం నెత్తిన పెట్టుకుని నడిచొచ్చిన మనిషి ఆ అత్త. కోడలికి దంచడంతోపాటు ఇంకో సంగతి కూడా నేర్పింది. "పొడి ఇచ్చేముందు పొట్ట మీద వేలు పెట్టి, దాని మీద ఇంకో వేలుతో కొట్టి చూడవే. డోలక్‌లా మోగిందా, లోపల గాలి. మన పొడి పని చేస్తుంది. మోగలేదా, అది మన పని కాదు. డాక్టరు దగ్గరికి తోలెయ్" అనేది. ముసలావిడ బతికున్నన్నాళ్లూ అలా ఎంతమందిని డాక్టరు దగ్గరికి తోలిందో లెక్కలేదు.

అత్త పోయాక మా శరణార్థుల కాలనీ అంతా కిరణ్‌బాల దగ్గరికే వచ్చేది. ఓసారి సైకిల్ షాపు విధాన్ గుండె పట్టుకుని పరుగున వచ్చాడు. "వదినా, నా పనైపోయింది! పిల్లల్ని చూసుకో!" అని చాప మీద పడిపోయాడు. ఆవిడ పొట్ట మీద వేలు పెట్టి కొట్టింది. డోలక్ మోగినట్టు మోగింది.

"పొద్దున్న ఏం తిన్నావురా?"

"ఏముంది వదినా, కాస్త కిచిడీ, కాసిని ఇలిశ చేప ముక్కలు..."

"ఇంకా?"

"పనసతొనలు. ఓ ఇరవై."

"నీ గుండెకేం కాలేదు నాయనా, పనసకాయ మాట్లాడుతోంది" అని ఆవిడ పొడి నాలుక మీద వేసి, గోరువెచ్చటి నీళ్లిచ్చి, రైలుకట్ట దాకా నడిపించింది. మనిషి సగం దారిలోనే తేలికపడ్డాడు. అప్పుడు పాఠం మొదలెట్టింది. "శనగపప్పు ముందు రోజే నానెయ్యి, ఆ నీళ్లు పారబొయ్యి. అల్లం, ఇంగువ పడందే దించొద్దని మీ ఆవిడకి చెప్పు. ఎవరో లాక్కుపోతున్నట్టు మింగకు, నమిలి తిను. తినగానే చెంబెడు నీళ్లు తాగి మంచమెక్కకు." చంటిపిల్లల తల్లులకైతే ఇంగువ నీళ్లలో అరగదీసి బొడ్డు చుట్టూ రాయమనేది. డబ్బు పుచ్చుకునేది కాదు.

ఇక భవతోష్ సంగతి. అతను చెడ్డవాడు కాదు. తాగడు, తిట్టడు, పెళ్లాం మీద చెయ్యెత్తడు. కానీ రైల్లో సరుకు అమ్మేవాడికి ఏదో ఒక మాట కావాలి, జనం తలెత్తి చూసేలాంటిది. అతనికి ఆ మాట భార్యే అయ్యింది.

"అన్నల్లారా, తమ్ముల్లారా! నా పొడి మీద నాకెంత నమ్మకమో చెప్పమంటారా? మా ఇంటావిడ కాపురానికొచ్చి ముప్పై ఏళ్లు. డాక్టరు మెట్లు ఎక్కలేదు! ఒక్కసారంటే ఒక్కసారి ఎక్కలేదు! నమ్మకపోతే చాక్‌దహలో దిగండి, ఇల్లు ఎవర్నడిగినా చూపిస్తారు!"

నిజంగానే ఓసారి ఇద్దరు గుమాస్తాలు పంతం పట్టి దిగారు. కిరణ్‌బాల తల మీద చెంగు కప్పుకుని టీ ఇచ్చింది. వాళ్లు ఆవిడని సంతలో ఆవుని చూసినట్టు ఎగాదిగా చూసి, సంతృప్తిగా చెరో పది పొట్లాలు కొనుక్కుని వెళ్లారు. ఆవిడకి సిగ్గేసింది, గర్వమూ వేసింది. ఆ తర్వాత నిజంగానే డాక్టరు మెట్లెక్కలేదు. ఇరవై రోజులు జ్వరం కాస్తే పారిజాతం ఆకు రసం తాగి పడుకుంది. పన్ను పుచ్చితే లవంగం నొక్కుకుని ఏడ్చింది. మొగుడి నోటి మాట అబద్ధం కాకూడదని ఒక మనిషి తన ఒంటిని కుదవపెట్టింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఏడాది మాఘంలో సరస్వతి పూజ అయిన వారానికి మొదలైంది. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. సాయంత్రానికి లంగా బొందు వదులు చేసుకోవాల్సి వచ్చేది. గాలే అనుకుంది. పప్పు మానేసింది. పచ్చి అరటికాయ, బొప్పాయికాయ వేసి పల్చటి చేపల పులుసు కాచుకుంది. వానలు మొదలయ్యాక అరుగుదలకి మంచిదని గంధభాదులి ఆకు తెచ్చి, కంపు భరించి, పులుసులో వేసుకుంది. పొడి రోజుకి మూడు పూటలా తిన్నది. చేతులు సన్నబడ్డాయి, చెంపలు లోపలికి పోయాయి, పొట్ట మాత్రం పైకి వచ్చింది.

బోరింగు దగ్గర ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఏం కిరణ్ వదినా, విశేషమా? భవతోష్ అన్నకి ఈ వయసులో కుర్రతనం ముంచుకొచ్చిందే!"

"అవునే, కవలలు. ఒకడికి వాము అనీ, ఒకడికి నల్లుప్పు అనీ పేరు పెడతాను" అని ఆవిడ వాళ్లతోపాటే నవ్వింది. బిందె మాత్రం ఎత్తలేకపోయింది. సగం నీళ్లు పారబోసి తీసుకెళ్లింది.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం, వేయించిన వాము చల్లారేలోగా నడుం వాల్చింది. ఎప్పుడూ ఎందుకు తోచలేదో గానీ, ఆరోజు తన పొట్ట మీద తానే వేలు పెట్టి కొట్టుకుంది. మోగలేదు. వేలు సరిగ్గా పెట్టలేదేమో అనుకుని మళ్లీ కొట్టింది. పైన పక్కటెముకల కింద కాస్త మోగింది, కిందికి వస్తే మొద్దుగా, నిండు కుండ మీద కొట్టినట్టుంది. ఊళ్లో ఎన్ని పొట్టలు కొట్టి చూసిందో, ఆ చప్పుడు అర్థం కాకపోవడానికి ఆవిడేం పిచ్చిది కాదు. తర్వాత లేచి వాము దంచింది. దుర్గాపూజ సరుకు ఆగదు కదా.

సాయంత్రం అతను వచ్చి, కాళ్లు కడుక్కుని, మరమరాలు నములుతుంటే చెప్పింది.

"ఏమయ్యా, ఇది గాలి కాదేమో."

"గాలి కాకపోతే మరేంటి?"

"మోగట్లేదు. మీ అమ్మ ఏం చెప్పేదో గుర్తుంది కదా."

"రోకలి పట్టీ పట్టీ నీ వేళ్లు కాయలు కాశాయి. వాటికేం తెలుస్తుంది?" అన్నాడు. కానీ మరమరాల గిన్నె పక్కన పెట్టేశాడు. గొంతు తగ్గించి, "పూజ అవనియ్యి కిరణ్. మన బతుకంతా ఈ రెండు నెలల్లోనే ఉంది. ఊరంతా తిని అరక్క చచ్చే రోజులు. ఇప్పుడు నువ్వెళ్లి నంది డాక్టరు మెట్లెక్కావనుకో, ఆయన కాంపౌండరు రోజూ వచ్చేది మన బండిలోనే. మర్నాటికి పెట్టె పెట్టెకీ తెలిసిపోతుంది. హజ్మీవాడి పెళ్లానికే కడుపుబ్బరమట అని నవ్వుతారు. నా నోట్లో మట్టే" అన్నాడు.

"సరేలే."

"ఇంగువ ఇంకాస్త పెంచి చూడు."

ఆ రాత్రికే కాదు, చాలా రాత్రులు అతను ఆవనూనె వెచ్చచేసి ఆవిడ పొట్టకి రాశాడు. రాసే చేతులకి తెలియదా, తెలిసీ తెలియనట్టు ఉన్నాయా, అది దేవుడికే ఎరుక. ఆవిడ మాత్రం ఇంగువ పెంచింది. పనిచెయ్యదని తెలిసే పెంచింది.

దుర్గాపూజ వచ్చింది, వెళ్లింది. ఆ ఏడు అమ్మినంత పొడి భవతోష్ ఎన్నడూ అమ్మలేదు. దీపావళినాటి కాళీపూజకల్లా కిరణ్‌బాల కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునేది.

వీధి చివరింటి తరులత కలకత్తాలో ఒక పెద్దాసుపత్రిలో ఆయా. వారం డ్యూటీ చేసి ఇంటికొచ్చి, పొడి పొట్లం కోసం ఇటు వచ్చింది. గడపలోనే ఆగిపోయింది.

"ఇదేంటక్కా? ఎన్నాళ్లయింది?"

"గ్యాసేనే. కాస్త ముదిరింది."

"గ్యాసా, నీ మొహమా! గ్యాసుకి కాళ్లు వాస్తాయా? నాకు చెబుతున్నావా నువ్వు, ఊరందరికీ చెప్పేదానివి?" అని తరులత చెంగు తొలగించి చూసి, నోరు నొక్కుకుంది. అప్పుడే బండి దిగి వచ్చిన భవతోష్ వైపు తిరిగింది. "రేపు పొద్దున్న మా ఆసుపత్రికి బయల్దేరదీస్తావా, ఇప్పుడే వీధంతా పోగుచెయ్యమంటావా?"

మర్నాడు అతను అదే ఎనిమిది పది బండి ఎక్కాడు, ముప్పై ఏళ్లలో మొదటిసారి సంచీ లేకుండా. తరులత కూడా వెంట బయల్దేరింది. కిరణ్‌బాలకి కిటికీ దగ్గర చోటు ఇచ్చారు. ఆవిడ శాలువా పొట్ట మీదికి లాక్కుని కూర్చుంది. రోజూ ఎక్కే గుమాస్తా ఒకడు గుర్తుపట్టాడు.

"ఏం భవతోష్ అన్నా, సంచీ ఏదీ? వదినగార్ని తీసుకుని ఎక్కడికి ప్రయాణం?"

"కాళీఘాట్‌కి. మొక్కుంది."

"మంచి రోజు చూసి మానేశావయ్యా. రాత్రి పెళ్లి భోజనం, ఇంకా గొంతులోనే ఉంది. ఒక్క పొట్లం కూడా లేదా?"

భవతోష్ తల అడ్డంగా ఊపాడు. కిరణ్‌బాల కొంగు ముడి విప్పింది. మధ్యాహ్నం పూటకని తనకోసం తెచ్చుకున్న పొట్లం అందులో ఉంది. అది గుమాస్తా చేతికిచ్చింది. అతను అక్కడికక్కడే నోట్లో వేసుకుని, కాసేపటికి బర్రున తేన్చి, "అమ్మయ్య! మందంటే ఇదీ!" అన్నాడు. పెట్టెలో నలుగురూ నవ్వారు. తరులత ఒక్కతే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడు. ఆవిణ్ణి పడుకోబెట్టి, పొట్ట మీద వేలు పెట్టి, ఇంకో వేలుతో కొట్టాడు. అటు కొట్టాడు, ఇటు కొట్టాడు. కిరణ్‌బాల కళ్లు మూసుకుని వింది. ఆయన కూడా ఆ చప్పుడు విన్నాడని మొహం చూడకుండానే తెలిసింది. సూది గుచ్చి నీళ్లు తీశారు. రెండు రోజులు ఏవేవో పరీక్షలు చేశారు. మూడో రోజు డాక్టరు తరులతని పక్కకి పిలిచి, గడ్డ అండాశయంలో పుట్టి కడుపంతా పాకిందనీ, మాఘం దాటడం కష్టమనీ చెప్పాడు. తర్వాత మంచం దగ్గరికి వచ్చాడు. కోపంగా ఉన్నాడు. నిద్రలేని మనిషి కోపం అది.

"ఇది ఎప్పుడు మొదలైందమ్మా?"

"సరస్వతి పూజ నుంచి బాబూ."

"తొమ్మిది నెలలు! మొదట్లో తెచ్చి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లం. ఈ తొమ్మిది నెలలూ ఏం వాడింది? ఎవడిచ్చాడు మందు?" అని భవతోష్ కేసి చూశాడు.

భవతోష్ చేతులు జోడించాడు. రైల్లో ఇంజను చప్పుడుని కూడా మించే గొంతు, నాలుగు మంచాల అవతలికి వినపడలేదు. "ఏమీ వాడలేదు బాబూ. నేనేమీ ఇవ్వలేదు. నాకసలు చెప్పనేలేదు. ఆడమనిషి కదా, దాచుకుంది."

కిరణ్‌బాల తల తిప్పి అతన్ని చూసింది. గడ్డ మాట తరులత ఏడుపు చూసే తెలుసుకుంది, దానికి ఏడవలేదు. ఇప్పుడు కళ్లు నిండాయి. ముప్పై ఏళ్లు అతని మాట నిలబడాలని డాక్టరు గడప తొక్కలేదు. అతను ఒక కుర్ర డాక్టరు కోపానికే ఆ పొడినీ, తననీ కలిపి కాదనేశాడు. ఆవిడకి అతని మీద అసహ్యం పుట్టలేదు. అది పుట్టినా బాగుండేది. మోచేతి మీద ఆనుకుని కాస్త లేచింది.

"వాడాను బాబూ. మా ఇంటి పొడే. నేనే దంచాను, నేనే తిన్నాను. ఇది గాలి కాదని నాకు భాద్రపదంలోనే తెలుసు."

డాక్టరు కోపం చల్లారిపోయింది. మంచం అంచున కూర్చున్నాడు.

"తెలిసీ ఎందుకు రాలేదమ్మా?"

ఆ జవాబు భర్త చెబుతాడేమోనని కిరణ్‌బాల అతని మొహంకేసి చూసింది. అతను వంగి, ఆవిడ వాచిన కాళ్ల మీదికి దుప్పటి సర్దసాగాడు.