టైలరుగారి పెద్ద మాట

ఆ ఉదయం టైలరు తన చొక్కా చేతిని కస్టమరు కోటుకు కలిపి కుట్టేశాడు. కుట్టు మాత్రం తిన్నగా పడింది. బ్లేడుతో దాన్ని విప్పుకుంటున్నా ఆయన ధ్యాసంతా, కూతురు కాలేజీకి వెళ్తూ చెప్పిపోయిన ఇంగ్లీషు మాట మీదే ఉంది.

మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, పెదవుల మధ్య గుండుసూదులు, ఇదీ ఆయన వేషం. సూదులు రాలకుండా అనగలిగిన మాట ఒక్కటే: "రేపు ఇస్తా." కొట్టు తెరిచిన నాటినుంచీ అదే అంటున్నాడు.

"నాన్నా, నిన్ను ప్రోక్రాస్టినేటర్ అంటారు" అంది కూతురు ఇంట్లోంచి బయల్దేరుతూ.

"తిట్టా, డిగ్రీయా?"

"పనిని రేపటికి తోసేవాడని. లాటిన్‌లో 'క్రాస్' అంటే రేపు. మాట అందులోంచే పుట్టింది."

టైలరు అయోమయంలో పడ్డాడు. ఈ అలవాటు తన కొట్లోనే పుట్టిందనుకున్నాడు ఇన్నాళ్లూ. ఏనాటి మనుషులో దానికి పేరు కూడా పెట్టారంటే, వాళ్ల టైలర్లు వాళ్లనెంత తిప్పించుకున్నారో! గర్వపడాలో సిగ్గుపడాలో ఆయనకు తేలలేదు.

అంతలో కోటు తాలూకు కుర్రాడు గుమ్మంలోకొచ్చాడు.

"రేపు పొద్దున్నే ఇంటర్వ్యూ అండీ! ఇవాళ కోటివ్వకపోతే మా మామయ్యది వేసుకెళ్లాలి. అందులో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు. ఇంకెన్నిసార్లు తిప్పుతారు?"

టైలరు అలవాటుగా ఏదో అనబోయి ఆగాడు. పెదవుల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, స్టూలు ముందుకు జరిపాడు.

"కూర్చో బాబూ, ఇవాళే ఇస్తా; రేపు అనబోతే ఆ లాటినోళ్లెవరో వెనక నిలబడి నవ్వుతున్నట్టుంది."