తర్షినికి నీళ్ళు పోసిన చేతులు

కరోనా భయం తగ్గిన మరుసటి ఏడు నేను కుప్పం పక్కన గుడుపల్లె మండలంలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. ఏఎన్ఎం అంటే ఊళ్ళు తిరిగి గర్భిణులను, బాలింతలను, పసిబిడ్డలను చూసుకునే నర్సు. మదనపల్లెలో ట్రైనింగయ్యాక చాలా ఏళ్ళు పుంగనూరులో చేశాను. కుప్పం వైపు వచ్చాకే తమిళం పట్టుబడింది. ఇక్కడ చాలా ఇళ్ళలో రెండు భాషలూ నడుస్తాయి.

కాన్పయి ఇంటికొచ్చిన తల్లిని కొన్నిసార్లు ఇంటికే పోయి చూడాలి. దాన్ని మేము పీఎన్‌సీ విజిట్ అంటాము. అట్లా ఒక రోజు మునెమ్మ అనే ఆమె ఇంటి వెనక గదికి పోయాను. అందులో బాడుగకున్న పిల్ల పేరు తర్షిని. శ్రీలంక తమిళులు. యుద్ధానికి భయపడి అమ్మానాన్నలు పడవెక్కి వచ్చేస్తే, ఈ పిల్ల తమిళనాడులోని శరణార్థుల క్యాంపులో పుట్టి పెరిగింది. భర్త జయకుమార్‌ది గోడలకు పెయింటింగ్ వేసే పని. ఇక్కడ పని దొరుకుతోందని ఆమెను తీసుకొచ్చి కాపురం పెట్టాడు.

బిడ్డ పుట్టి తొమ్మిదో రోజు. తూకం వేస్తే పుట్టినప్పటికంటే బాగా తగ్గి ఉన్నాడు. తర్షిని పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

"నీళ్ళు బాగా తాగుతాండావామ్మా?" అని అడిగితే మునెమ్మే జవాబు చెప్పింది.

"పొద్దున అర గలాసు, మాపుకు అర గలాసు ఇస్తాండా సిస్టరమ్మా. బాలింత నీళ్ళు తాగితే పొట్ట దిగదు గదా. నా కోడండ్లిద్దరికీ అంతే ఇచ్చినా."

మునెమ్మ చెడ్డది కాదు. మూడు పూటలా అన్నం తనే వండి తెస్తోంది. అయినా నాకు కోపమొచ్చింది. నీళ్ళు లేకుంటే పాలు యాడ నుంచి వస్తాయని గట్టిగానే అన్నాను. ఆమె గొణుక్కుంటూ ఒప్పుకుంది. పాత పద్ధతి ఒకటి మాన్పించాను, ఇక పిల్ల తేరుకుంటుందని అనుకుని వచ్చేశాను.

నాలుగు రోజులకు మళ్ళీ పోతే పక్కన నీళ్ళ బిందె నిండుగా ఉంది. బిడ్డ బరువు మాత్రం పెరగలేదు. తర్షిని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బిడ్డ ఏడుస్తున్నా తల తిప్పలేదు. జుట్టు అట్టకట్టింది.

"ఏమడిగినా ఓం, ఓం అంటాది. జపం చేస్తాండాదేమో అనుకుంటి," అంది మునెమ్మ.

వాళ్ళ తమిళంలో ఓం అంటే అవును అని. జయకుమార్ అంతకుముందే నాకు చెప్పాడు. బిడ్డను ఎత్తుకుని కాసేపు బయట ఉండమని మునెమ్మను పంపించి, చాప మీద తర్షిని పక్కన కూర్చున్నాను. కాన్పు తర్వాత మనసు కుంగిందేమో తెలుసుకోవడానికి మేము అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. నిద్ర పడుతోందా, ఊరికే ఏడుపొస్తోందా అని ఒక్కొక్కటే అడిగాను. చివరికి, "చచ్చిపోదామని ఎప్పుడన్నా అనిపించిందా?" అన్నాను.

"ఓం," అంది.

ఎందుకమ్మా అని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె మాటలను తెలుగులో రాస్తున్నాను.

"నేనింకా శుభ్రం కాలేదక్కా. మాలో కాన్పయిన ఆడదానికి ఆకులు వేసి కాచిన నీళ్ళు పెద్దవాళ్ళు పోయాలి. నాకు ఎవరూ పోయలేదు. ఈ ఒంటితో బిడ్డను ఎట్లా పట్టుకునేది?"

"మీ అమ్మను పిలిపించలేదా?"

"నాన్న పోయి రెండేళ్ళయింది. పురుడు తీరే ముప్పై ఒకటో రోజు దాకా విధవ చెయ్యి తగలకూడదని మా ఆయన మేనత్త అంది. అమ్మ కూడా అదే అంది."

ఒళ్ళు శుభ్రం కావడానికి పెద్దవాళ్ళ చెయ్యి కావాలి. ఉన్న ఒక్క తల్లి చెయ్యేమో తగలకూడదు. వాళ్ళ క్యాంపులో అయితే ఇరుగుపొరుగు ఎవరైనా వచ్చి నీళ్ళు పోసేవాళ్ళు. ఈ ఊళ్ళో ఆమెకు ఎవరున్నారు?

ఆ పూటే ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. మానసిక డాక్టరు చూసి, ఇది డిప్రెషనేనని చెప్పి, పాలిచ్చే తల్లికి ఇబ్బంది లేని మాత్రలు రాశాడు. ఒంటరిగా వదలొద్దు, తన మనిషి ఒకరు పక్కనుండాలి అన్నాడు. జయకుమార్ తల పట్టుకున్నాడు. "నాకు తెలీదు సిస్టర్, అలిసిపోయి పడుకుంటోందనుకున్నా," అన్నాడు. మీ అమ్మను పిలుస్తానంటే తర్షిని తలూపింది. అతని ఫోన్‌లోనే నేను వాళ్ళమ్మ పుష్పరాణితో మాట్లాడాను.

"తాళి లేనిదాన్ని తల్లీ. దూరం నుంచే దండం పెట్టుకుంటున్నా. నా నీడ పడి బిడ్డకేమన్నా అయితే?" అందామె.

"నీ బిడ్డ చావాలనుకుంటోందమ్మా. నేనడిగితే ఓం అని చెప్పింది."

"ఏ బస్సెక్కాలి?" అని అడిగింది.

క్యాంపు దాటి రావాలంటే అధికారుల అనుమతి కాగితం కావాలి. దానికి ఒక రోజు పట్టింది. ఆ రోజంతా మునెమ్మ గది వదల్లేదు. రెండో రోజు పొద్దున పుష్పరాణి స్నానం నీళ్ళలో వేసి కాచే వావిలాకు మూట, బాలింత కూరకు మిరియాలూ ధనియాలూ దంచిన మందుకారం పట్టుకుని దిగింది. వచ్చింది గానీ గడప బయటే నిలబడిపోయింది. మూట నా చేతికిచ్చి, నువ్వే నీళ్ళు పొయ్యి తల్లీ అంది.

నేను నోరు తెరిచేలోగా మునెమ్మ లేచింది.

"ఏమమ్మా, ఈ బిడ్డను కని పెంచినప్పుడు పనికొచ్చిన సేతులు ఇప్పుడు యాల పనికిరావు? నాకూ మొగుడు లేడు. ఇన్ని దినాలూ దీనికి అన్నం పెడ్తాండేది నేనే. ఏమయింది? లోపలికి రా."

నీళ్ళు కాచింది మునెమ్మ, పోసింది పుష్పరాణి. తడిక వెనకనుంచి మొదట నీళ్ళ చప్పుడే వినిపించింది. ఆ తర్వాత తర్షిని గట్టిగా ఏడవడం వినిపించింది. వాళ్ళమ్మ నీళ్ళు పోస్తూనే ఉంది.

ఒక్క స్నానంతో జబ్బు నయం కాలేదు. మాత్రలు నెలల తరబడి వాడాల్సి వచ్చింది. కొన్నాళ్ళు బిడ్డకు డాక్టరు చెప్పినట్టు డబ్బాపాలు కూడా పట్టారు. కానీ మరుసటి వారం పోయేసరికి తర్షిని కూర్చుని బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఉంది. వాడు తూకంలో ముందుకు కదిలాడు.

ముప్పై ఒకటో రోజు క్యాంపు నుంచి చుట్టాలొచ్చారు. నన్నూ పిలిచారు. జయకుమార్ మేనత్త బిడ్డను ఉయ్యాల్లో వేసేటప్పుడు పుష్పరాణి తనంతట తనే వంటింట్లోకి తప్పుకుంది. తర్షిని కూతేసి పిలిచినా రాలేదు. ఆ విషయంలో ఎవరూ మారలేదు, నేనూ ఏమీ చేయలేకపోయాను.

అప్పటిదాకా ఇంటింటా నేను చేసింది ఏ ఆచారాన్ని మాన్పించాలా అని వెతకడమే. నీళ్ళు తాగనివ్వని ఆచారం తర్షిని ఒంటికి చెరుపు చేసింది నిజమే. కానీ ఆ పిల్లను ఎక్కువ కుంగదీసింది తనదైన ఆచారం తనకు జరగకపోవడం. నీళ్ళు తాగమని నేనిచ్చిన సలహా ఆ బాధను తాకనే లేదు. ఇప్పుడు ఏ బాలింత దగ్గరికి పోయినా తూకం యంత్రం బయటికి తీయకముందే కూర్చుని, "నీ అమ్మగారింట్లో అయితే ఇప్పుడు నీకేం చేసేవాళ్ళమ్మా?" అని అడుగుతాను.