దీపం లేకుండా కోటలోకి వెళ్లవచ్చని రాసిన నెల

ముందుగా నిశ్చయంగా తెలిసినవి చెబుతాను. తొంభైల చివరి సంవత్సరాలలో, మద్రాసు పురసవాక్కంలో ఒక చీరల దుకాణం మీది అంతస్తు నుంచి వెలువడే తెలుగు మాసపత్రికలో, కంప్యూటర్ ఆటల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు నేను జవాబులు రాసేదాన్ని. ఆ జవాబులలో ఒకటి తప్పు. దాన్ని నమ్మి ముందుకు వెళితే పెరంబూరులో ఒక పెద్దాయన ఎనిమిది నెలలుగా ఆడుతున్న ఆట ఒక్క అడుగుతో పోయేది. పోలేదు. ఇవన్నీ నేను చేసినవి, లేదా కళ్లారా చూసినవి.

ఇక విన్నవి. పక్షవాతంతో కుడిచేయి పడిపోయిన ఆ పెద్దాయన, ఎడమచేత్తో ఏ పనీ చేయనని నెలల తరబడి ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట. ఇవ్వడం, తీసుకోవడం, అన్నం తినడం ఎడమచేత్తో చేయకూడదన్నది ఆయన పెరిగిన తీరు. ఆయన ఆ చేత్తో చేయడానికి ఒప్పుకున్న మొదటి పని కంప్యూటర్ మీటలు నొక్కడమట. ఆ తరువాతే చొక్కా గుండీలు పెట్టుకోవడం, చెంచాతో తినడం వచ్చాయట. ఈ మాట చెప్పింది ఆయన భార్య. అంతకు ముందు ఆయన ఎలా ఉండేవారో నేను చూడలేదు కనుక దీన్ని విన్నదానిగానే రాస్తున్నాను. ఆట పోతే చేయి మళ్లీ ఒళ్లోకి వెళ్లిపోతుందని మాత్రం ఆ ఇంట్లో అందరూ భయపడ్డారు. ఆ భయం నిజం.

నా అసలు ఉద్యోగం తిరువొత్తియూరులో ఒక రంగుల ఫ్యాక్టరీ ప్రయోగశాలలో. డబ్బాలలోకి వెళ్లే ముందు రంగు చిక్కదనం, ఆరే వేగం, పూత గట్టితనం పరీక్షించి సంతకం పెట్టేదాన్ని. ఒకే డబ్బాలోంచి మూడు గ్లాసులలోకి వంపి, మూడు నమూనాలు అని ఎవరైనా రాస్తే ఆ కాగితం వెనక్కి వెళ్లేది. ఈ స్వభావం వల్లనే సంపాదకుడు నాకు ఆ పేజీ అప్పగించాడు. పాత్ర ధరించి ఆడే ఆటలంటే పుకార్ల పుట్టలు. హీరో ఊరూరా తిరిగి, ఆయుధాలు, స్నేహితులు సంపాదించుకుని, చివరికి విలన్ కోట చేరడానికి నెలలు పడుతుంది. అంత దూరం వెళ్లినవాళ్లు తక్కువ, వెళ్లామని చెప్పుకునేవాళ్లు ఎక్కువ. విలన్ హీరోకి సొంత తండ్రి అవునా? మూడుసార్లు క్షమిస్తే మంచివాడవుతాడా? శుక్రవారం ఆడితే అతని బలం సగానికి పడిపోతుందని మా మేనమామ చెప్పాడు, నిజమేనా? ఇలాంటివి నెలకు ఒక సంచెడు వచ్చేవి. అందరూ 'అన్నయ్యగారికి' అనే మొదలుపెట్టేవారు. పేజీలో నా పేరు ఉండేది కాదు, నేనూ దిద్దలేదు.

నాకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. నా యంత్రం మీద నేను చేసి చూడనిది అచ్చుకు ఇవ్వను. శుక్రవారం ప్రశ్నకు కూడా యంత్రంలో తేదీ మార్చి రెండుసార్లు పోరాడి చూశాకే, తేడా లేదని రాశాను.

పెరంబూరు నుంచి వచ్చిన ఉత్తరం చక్కటి దస్తూరిలో ఉంది. తండ్రి చెబుతుంటే కూతురు రాసినది. ఆమె ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేది. యజమాని కొత్తవి కొన్నప్పుడు పాత కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చుకుంది. అప్పట్లో అందరూ ఆడుతున్న ఒక ఆటలో హీరో మొదటి ఊళ్లోనే గుడ్డి ముసలామె దగ్గర దీపం అరువు తీసుకుంటాడు. తిరిగి తెచ్చిస్తానని మాట ఇస్తాడు. పెద్దాయన ప్రశ్న దాని గురించే: విలన్ కోటలోకి పోయినవాడు బతికి వస్తాడో లేదో తెలియదు కనుక, పోయే ముందే ముసలామె దీపం ఆమెకు ఇచ్చేసి పోవచ్చునా? దీపం లేకపోతే విలన్ తో పోరాడడం కుదరదా?

అంతవరకు నాకు అలాంటి ప్రశ్న ఎవరూ రాయలేదు. విలన్ ను ఎలా చంపాలని అడిగేవారే గాని, చంపడానికి వెళ్లే ముందు అరువు తీర్చాలని ఎవరికీ తోచలేదు.

ఆ నెల ఫ్యాక్టరీలో ఒక పెద్ద ఆర్డరు వెనక్కి వచ్చింది. ఉదయం నుంచి చీకటి పడేదాకా పూతలు గీకి చూడడమే సరిపోయింది. ఆట ఆ చోటుదాకా ఆడి చూడడానికి నాకు సమయం లేదు. సరిగ్గా అప్పుడే, వేర్వేరు పేర్లతో, వేర్వేరు చిరునామాలతో మూడు ఉత్తరాలలో ఒకే సంగతి కనిపించింది: దీపం లేకుండానే కోటలోకి వెళ్లి విలన్ ను గెలిచామని. ముగ్గురు సాక్షులు, ఒకే మాట. నా నియమాన్ని మొదటిసారి పక్కన పెట్టి, 'దీపం అవసరం లేదు, నిశ్చింతగా ఇచ్చి వెళ్లండి' అని రాసి పంపాను.

పత్రిక శుక్రవారం బజారులోకి వెళ్లింది. ఆదివారం పొద్దున తీరిక దొరికితే, కేవలం మనసు ఊరుకోక, కోట దాకా ఆడి ఉంచిన నా పాత ఫ్లాపీ వేసి, దీపం ముసలామెకు ఇచ్చి వచ్చి, ఆ చోటు ఆడి చూశాను. దీపం లేకుండా కోట గుమ్మం దాటగానే వెనక తలుపు మూసుకుంది. తెర నల్లబడింది. లోపల ఏమీ కనిపించదు, కత్తి దూయడానికి ఎదుట ఎవరూ ఉండరు, బయటికి దారి లేదు. అంతకన్నా ఘోరం, ఆ గుమ్మం దగ్గర ఆట తనంతట తానే ఫ్లాపీలో మనం దాచుకున్న పాత చోటును చెరిపి, ఈ చీకటి గదిని దాని మీద రాసుకుంటుంది. ఇక వెనక్కి పోవడానికి ఏమీ మిగలదు.

వెంటనే ఆ మూడు ఉత్తరాలూ తీసి పక్కపక్కన పరిచాను. మూడింటి వెనకా ఒకే కంప్యూటర్ సెంటర్ రబ్బరు ముద్ర ఉంది. ముగ్గురూ ఒకే చోట, ఒకే కాపీ మీద, బహుశా ఎవరో లోపల మార్చిపెట్టిన కాపీ మీద ఆడినవాళ్లు. ఒకే డబ్బాలోని రంగును మూడు గ్లాసులలో చూసి మూడు నమూనాలని సంతకం పెట్టాను.

పెద్దాయన ఇంట్లో ఫోన్ లేదు. కవరు మీది చిరునామా, రెండు ఖాళీ ఫ్లాపీలు సంచిలో వేసుకుని తిరువొత్తియూరులో లోకల్ ట్రైన్ ఎక్కాను. బేసిన్ బ్రిడ్జిలో దిగి పెరంబూరు వైపు బండి మారాలి. ఆదివారం బండ్లు తక్కువ. ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడిన సేపు ఎంతో నాకు తెలియదు, గడియారం చూడడానికి ధైర్యం చాలలేదు.

ఇల్లు రైల్వే క్వార్టర్స్ వెనక సందులో. తలుపు తీసినామె ఆయన భార్య. పత్రిక నుంచి వచ్చానని చెప్పాను.

"జవాబులు రాస్తాడే, ఆ అన్నయ్య పంపించినాడా నిన్ను?"

"రాసేది నేనేనండి."

ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి లోపలికి తిరిగింది. "ఏమయ్యా, నీ అన్నయ్య చీర కట్టుకోని వచ్చుండాడు, చూడు దా."

పెద్దాయన కంప్యూటర్ ముందు కుర్చీలో ఉన్నారు. పక్కన మా పత్రిక, నా పేజీ దగ్గర మడిచి ఉంది. యంత్రం ఆపి ఉంది. ఆయన ముఖం వెలిగిపోయింది. "దా మ్మా, కూచో. మీరు చెప్పినట్టే చేసినా. నిన్ననే ముసలామెకు దీపం ఇచ్చేసినా."

"కోటలోకి పోయారా?"

"గుమ్మం దాకా పోయినా. లోపలికి యాడ పోనిచ్చింది ఈమె?" అని భార్య వైపు చూశారు.

ఆమె గోడకు వేలాడుతున్న దినసరి క్యాలెండర్ చూపించింది. "నిన్న అష్టమి, ఈపొద్దు నవమి. ఈ రెండు దినాలూ మేము కొత్త గుడ్డ గూడా కట్టుకోము. ఈయన యుద్ధానికి పోతాడంట. రేపు దశమి, పొద్దున ఇడ్లీ తినేసి పొమ్మన్నా."

"ఆట గదా అంటే వినదు," అన్నారాయన.

"ఆటయితే మటుకు? నడిచేది మా ఇంట్లోనే గదా."

కూర్చోమని మళ్లీ అనకుండానే కూర్చున్నాను. ఆమె ఏమనుకుందో, లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చింది. గ్లాసు దించకుండా తాగేశాను. అంత చల్లటి మజ్జిగ అంతకు ముందు తాగలేదని రాయాలనిపిస్తుంది కాని, అది మజ్జిగ గుణం కాదు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. ఆ ఆట పోకుండా కాపాడింది ఆ ఇంటి అష్టమి నవముల పట్టింపే. అందువల్ల అష్టమి నాడు పని మొదలుపెడితే చెడుతుందని రుజువు కాలేదు. దశమి నాడు మొదలుపెట్టినా ఆట అలాగే చెడేది. నాకు కావలసిన రెండు రోజుల ఆలస్యం ఆ పట్టింపు ఇచ్చింది, అంతే. ఈ వివరణ ఆమెకు ఇవ్వలేదు. ఆ ఇంట ఆ పూట వివరణ ఇవ్వవలసినది నేను, నా తప్పు గురించి.

ఇచ్చాను. మూడు ఉత్తరాలు, ఒకే ముద్ర, నేను ఆడి చూడకుండా రాయడం, అన్నీ చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. ఆయన రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కొలతలు తనిఖీ చేసిన మనిషి. ఇలా అన్నారు: "ఒకే గేజితో మూడుసార్లు కొలిస్తే అది మూడు కొలతలు కాదు గదా మ్మా. గేజే తప్పయితే?"

"అవునండి. అదే."

"మా ఫ్యాక్టరీలో గూడా ఒకసారి అట్లే అయింది," అంటూ ఒక బోగీ తలుపు కథ చెప్పారు. అది నన్ను ఓదార్చడానికే అని అర్థమైంది.

అప్పుడు కూతురు వచ్చింది. ఇద్దరం కలిసి ముందు ఆయన ఫ్లాపీని నేను తెచ్చినవాటిలో ఒకదానిలోకి కాపీ చేశాం. అసలు ఫ్లాపీ మీద పని ఇంకా మిగిలింది: దీపం వెనక్కి తీసుకోవాలి. ఆయన కదలలేదు.

"ఎడంచేత్తో ఇచ్చినానని ముందే మనసు పీకతా ఉంది," అన్నారు. "ఇప్పుడు అదే చేత్తో పోయి తిరిగి అడుక్కోవాల్నా?"

"బొమ్మ ముసలామెకు నీ చెయ్యి ఏదో ఏం తెలుస్తాది," అంది భార్య. "అందులో ఆమెకు కండ్లే లేవాయె. అడుగు."

ముసలామె ఒకసారి తీసుకున్న దీపాన్ని మళ్లీ ఇస్తుందో లేదో నాకు తెలియదు. ఆ చోటు నేను ఆడి చూడలేదు. ఆ మాట దాచకుండా చెప్పాను. ఇస్తుందని ఇంకొకసారి ఊహించి చెప్పే ధైర్యం ఆ రోజు నాకు లేదు. ఆయన హీరోను కోట గుమ్మం నుంచి వెనక్కి తిప్పి, అడవి దాటించి, మొదటి ఊరికి నడిపించారు. ఎడమచేతి చూపుడు వేలు ఒక్కొక్క మీటనూ వెతికి నొక్కుతుంటే ముగ్గురం వెనక నిలబడి చూశాం. గుడిసె ముందు ఆగి అడిగారు. ముసలామె దీపం ఇచ్చింది. మాట కూడా ఏమీ అనలేదు.

ఆయన భార్య కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను ఆ చోటును ఫ్లాపీలో భద్రపరిపించి, యంత్రం ఒకసారి ఆపి, మళ్లీ వేసి, దీపం ఉందని చూసి, అప్పుడు గాని నమ్మలేదు.

తరువాతి సంచికలో ఆ జవాబు తప్పని, ఎలా తప్పానో పేజీ మొదట్లోనే వేయించాను. సంపాదకుడు చివర చిన్న అక్షరాల్లో వేద్దామన్నాడు గాని నేను వినలేదు. నా జవాబు వల్ల ఎవరి ఆటయినా పోయి ఉంటే రాయమని కోరాను. ఎవరూ రాయలేదు. ఎవరిదీ పోలేదని దానికి అర్థం కాదు. పెద్దాయన మాత్రం దీపంతో కోటలోకి వెళ్లి, ఎన్నో వారాల తరువాత విలన్ ను ఓడించి, అప్పుడు వెళ్లి ముసలామెకు దీపం ఇచ్చారని కూతురు రాసింది. ఆ ఉత్తరం కింద సంతకం వేరే దస్తూరి. వంకరగా, పెద్ద అక్షరాలతో ఉంది. ఎడమచేత్తో పెట్టినదే అయి ఉండాలి.

ఒక ప్రశ్న మిగిలింది. ఆ ఆదివారమే, నా మాట నిజమో కాదో ఆయనా చూడాలని, కాపీ ఫ్లాపీ మీద దీపం లేకుండా కోటలోకి వెళ్లాం. తలుపు మూసుకుంది. నల్లటి తెర. స్పీకర్లో ఎవరో నెమ్మదిగా ఊపిరి తీస్తున్న శబ్దం మాత్రం వచ్చింది. హీరో దిక్కు తెలియక నిలబడ్డాడు, విలన్ కు అంతా కనిపిస్తూనే ఉండాలి. అయినా దాడి చేయలేదు.

"చేతికి చిక్కినాడు గదా," అన్నారు పెద్దాయన. "యాల చంపడు?"

ఆ రోజు పావుగంట చూశాం. తరువాత నా యంత్రం మీద ఒక ఆదివారం గంటా నలభై నిమిషాలు చూశాను. ఊపిరి శబ్దం తప్ప ఏమీ జరగలేదు. ఆట రాసినవాళ్లు అక్కడ ఏమీ రాయకుండా వదిలేశారా, లేక చాలాసేపటి తరువాత జరిగేది ఏదైనా ఉందా అన్నది నేను తేల్చలేకపోయాను. నా పరీక్ష ఫలితం పెద్దాయనకు ఉత్తరం రాస్తే, ఇంకొంచెం సేపు ఉండి ఉంటే అని ఆయన జవాబు రాయించారు. ఆ ఆక్షేపణ సరైనది. ఎంతసేపు చూసినా అదే ఆక్షేపణ నిలుస్తుంది. ఆ పైన సముద్రపు గాలికి నా ఫ్లాపీలకు బూజు పట్టింది, ఆ ఆట నడిచే యంత్రం నా దగ్గర ఇప్పుడు లేదు. ఆ ప్రశ్నకు పేజీలో జవాబు వేయలేదు.