రాస్తారా, దాచుకుంటారా?

పాత ఫౌంటెన్ పెన్నులు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ తిత్తులాయన అంటారు. పెన్ను కడుపులో సిరా పట్టే రబ్బరు సంచిని ఆయన తిత్తి అంటాడు మరి. పాతది తీసి కొత్తది ఎంచడమంటే ఆయనకు పెళ్ళిసంబంధం చూసినంత పని. అరచేతిలో దొర్లిస్తాడు, బుగ్గకు ఆనించుకుంటాడు, చివరికి నోట పెట్టి, గాలి పోతోందేమోనని ఊది చూస్తాడు. సిరా ఎక్కువ పడుతుందని ఎవరైనా లావుపాటిది వెయ్యమంటే, "గొట్టానికి ఒరుసుకుని చస్తుందండీ. దానికీ కాస్త ఒళ్ళు విరుచుకునే చోటుండాలిగా!" అంటాడు. అసలు తిత్తుల డబ్బా మూత తీసే ముందే ఎవర్నైనా ఒకటి అడుగుతాడు: "రాస్తారా, దాచుకుంటారా?"

మొన్న ఒకావిడ మీగడరంగు పెన్ను తెచ్చి, "మావారిది. ఇంక రాసేవాళ్ళు లేరు, దాచుకోడానికే," అంది. ఆయన లోపల అట్టకట్టిన పాత రబ్బరంతా గీకి, కడిగి, తుడిచి చేతికిచ్చాడు. ఆవిడ పెన్ను పక్కనున్న, సిరా పీల్చే మీట ఎత్తింది. వేలికి లోపల ఏమీ అడ్డు తగల్లేదు. "లోపల ఏం పెట్టలేదా?" "దాచుకునేదానికి పెట్టకూడదమ్మా. రబ్బరు ఆవిరికి ఈ రంగు పోనుపోను నల్లబడుతుంది. ఖాళీగా ఉంటే ఎన్నేళ్ళైనా ఇలాగే ఉంటుంది." ఆవిడ తలూపి, పెన్ను చేతిసంచిలో వేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ మళ్ళీ తీసి, మీట ఎత్తి దించింది. వెనక్కొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. "నల్లబడితే పడనీండి. పెట్టండి, నేను రాస్తాను." తిత్తులాయన డబ్బా మూత తీసి, ఒకటి ఎంచి, నోట పెట్టి ఊదాడు. అది నిండుగా ఉబ్బింది.