పిన్ని అనని మాట

ఆసుపత్రి లాండ్రీలో కొత్తగా ఎవరు చేరినా పిన్ని ముందు చెప్పే మాట ఒకటే. "మూట విప్పి చూడకుండా వాటేసుకోకు. సూదికి చుట్టరికం తెలీదు."

వార్డుల నుంచి వచ్చే దుప్పట్లలో వాడిన సూదులు దాక్కుని ఉంటాయి. ఇచ్చే గ్లౌజులేమో ఉల్లిపొర. ఒకసారి గుచ్చుకుని, రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఆమెకు ముద్ద దిగలేదు.

ఆమె ఇంట్లో ఉండి చదువుకునే అక్క కూతురు, తోటి విద్యార్థులతో కలిసి ఒక బ్లాగు నడుపుతోంది. ఊళ్లో ఎవరికీ పట్టని అన్యాయాల గురించి రాస్తారు. ఈ సూదుల సంగతీ రాసింది. పిన్ని పేరూ ఆసుపత్రి పేరూ జాగ్రత్తగా దాచింది. కానీ సూదికి చుట్టరికం తెలీదన్న మాట మీద మనసుపడి, దాన్నే శీర్షికగా పెట్టింది.

లాండ్రీలో ఆ మాట ఎవరిదో తెలియనివాళ్లు లేరు. సూపర్‌వైజర్ ఫోను తిప్పి చూపించాడు.

"ఏమ్మా, రచయిత్రివైపోయావే. పైవాళ్లు మండిపడుతున్నారు. నేననలేదు, పిల్ల కల్పించింది అని చెప్పు, రికార్డు చేసుకుంటా. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆలోచించుకుంటానని చెప్పి ఆమె ఇంటికొచ్చింది.

"మాట మార్చి రాయాల్సింది పిన్నీ. అంత బాగుంటే చెయ్యి రాలేదు," అంది పిల్ల, తల దించుకుని.

"బాగుందని కొరివితో తల గోక్కుంటామా?"

"తీసేస్తాలే."

"నువ్వు తీస్తే సరిపోదే. వాళ్లకి నా నోటి మాట కావాలిట."

"చెప్పకు పిన్నీ. ఇది అబద్ధమైతే ఇక మేం ఏం రాసినా ఎవరు నమ్ముతారు?"

"పని పోతే పొయ్యిలో పిల్లి లేవదే తల్లీ."



మర్నాడు పిన్ని ఆ ముక్క చెప్పింది. గొంతు సరిగా పడలేదని సూపర్‌వైజర్ మళ్లీ చెప్పించాడు. రెండోసారి అబద్ధం తేలిగ్గా వచ్చేసింది. ఆమెకు అదే భయమేసింది.

ఆ రికార్డు చేతులు మారి కాలేజీ దాకా వెళ్లింది. కట్టుకథలు రాసుకోండంటూ బ్లాగు కింద ఎవరెవరో ఎద్దేవా చేశారు. స్నేహితులు పిల్లను కొన్నాళ్లు రాయొద్దన్నారు.

కొన్ని వారాలకు లాండ్రీకి మోచేతుల దాకా వచ్చే మందపాటి గ్లౌజులొచ్చాయి. ఎవరి పుణ్యమో ఎవరూ అడగలేదు. పిన్ని ఇంటికొస్తూనే ఆ కబురు చెప్పింది.

"మంచిదే పిన్నీ," అని పిల్ల మళ్లీ పుస్తకంలోకి తల దించింది.

ఇదివరకైతే ఎవరు తెచ్చారు, అందరికీ ఇచ్చారా, చిరిగితే మళ్లీ ఇస్తారా అని ప్రాణం తీసేది. ఏమైనా అడుగుతుందేమోనని పిన్ని కాసేపు అక్కడే నిలబడింది.